కట్టె చూసి చెప్పే చాచా

ఆయన ఎవరింటికి పోయినా ముందు మనుషులను పలకరించేవాడు కాదు. గడప దగ్గర ఆగి, కుడిచేతి వేళ్ళు మడిచి, దర్వాజా చౌకట్టు మీద రెండుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపలి నుంచి "ఎవరూ?" అని అడిగితే జవాబు వచ్చేది కాదు. చౌకట్టుతో ముచ్చట అయిపోయాకే మన వంతు. మా బడికి వచ్చినా అంతే. "సలామాలేకుం సార్. మీరు మంచిగున్నరా? చౌకట్టయితే మంచిగనే ఉన్నది" అనేవాడు. నన్నడిగిన దానికి నేనేం జవాబు చెప్పానో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

పోయిన వారం ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చింది. చేసినవాడు ఒకప్పుడు నాతో పనిచేసిన లెక్కల సారు. "సార్, కట్టె చాచా పోయిండు. నిన్ననే మట్టి అయింది. రేపు మూడోనాటి జియారత్. మీరు ఆయనకు శాన మంచి చేసిండ్రు గదా, వస్తరేమోనని చెప్తున్న" అన్నాడు. వస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. కామారెడ్డిలో మా ఇంటి వరండాలో కూర్చుని, మంచి చేసిండ్రు అన్న ఆ మాటను అరగంట సేపు నములుతూ ఉండిపోయాను. మా ఆవిడ వచ్చి చాయ్ చల్లారిపోతుందని కసిరితేగానీ తెలివి రాలేదు.

చాచా పేరు ఇక్కడ రాయను. ఆ ఊరివాళ్ళు చదివితే ఎలాగూ గుర్తుపడతారు. మిగతావాళ్ళకు ఆయన సంగతి తెలిస్తే చాలు, నా సంగతి కూడా.

వయసులో ఉన్నప్పుడు ఆయన వడ్రంగి పని చేశాడట. నేను ఎరిగేనాటికి ఉలీ బాడిసా అటకెక్కాయి. చూసి చెప్పడమే పని. ఎల్లారెడ్డిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పాత ఇండ్లు అప్పటికి ఇంకా చాలానే ఉండేవి. ఆ ఇండ్లకు బయట ఎండకు ఎండి వానకు తడిసే కట్టె ఎంతుందో, అదంతా ఆయన కింద లెక్క. చూర్లు, వాసాల కొసలు, అరుగు మీది స్తంభాలు, మేడ ముందరి కటకటాలు. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. వానలు వెనకబట్టాక ఒకసారి, మిర్గం కార్తె వానలకు ముందు ఒకసారి. పిలవాల్సిన పని లేదు. రాకపోతే మాత్రం ఇంటివాళ్ళు ఎల్లారెడ్డి బజారులో కనిపించినవాళ్ళతో కబురు పెట్టేవారు.

ఆయన దగ్గర ఉండే సామాను చూస్తే నవ్వొచ్చేది. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి, అవిసె నూనె సీసా ఒకటి, ఆకులోకి రాసుకునే సున్నం డబ్బీ ఒకటి. అంతే. స్తంభం దగ్గర కూర్చుని మొదట దాని అడుగు చూసేవాడు. "కట్టె కాళ్ళు సూడాలె, కొసలు సూడాలె సార్. నడుమ ఎప్పుడు మంచిగనే అవుపడ్తది" అనేవాడు. దబ్బనం గుచ్చి, ఎంత లోపలికి దిగిందో బొటనవేలి గోరుతో కొలిచేవాడు. ఆ తరవాత సున్నం డబ్బీ తీసి, చూపుడు వేలితో ఇంత తీసి కట్టె మీద గురుతు పెట్టేవాడు. ఒక గీత పెడితే నూనె పట్టించాలని. రెండు గీతలు పెడితే వానలు పడేలోపు బాగు చేయించాలని. గుండ్రంగా సున్నా చుడితే దాని కింద మనిషి నిలబడకూడదని. మిగిలిన సున్నాన్ని తమలపాకుకు రాసి నోట్లో పెట్టుకునేవాడు. ఒకే డబ్బీ, ఒకే వేలు. ఇదేం శుభ్రత చాచా అని నేనొకసారి వెక్కిరిస్తే, "కట్టె తిన్నది నేను తినొద్దా సార్?" అని ఎర్రటి పండ్లు బయటపెట్టి నవ్వాడు.

ఊళ్ళో ఆయన మీద జోకులు ఉండేవి. పెండ్లికి పిలిస్తే పెండ్లికొడుకును చూడకుండా పందిరి గుంజలను చూసుకుంటూ తిరుగుతాడని. సున్నా పెట్టిన ఇంట్లో చాయ్ ఇస్తే రోడ్డు మీదికి పోయి నిలబడి తాగేవాడు. అది మాత్రం జోకు కాదు, నేను కళ్ళారా చూశాను. ఇంటాయన అరుగు మీద కూర్చుని "రా చాచా, ఏం కాదు" అని పిలుస్తుంటే, ఈయన ఎండలో నిలబడి సాసర్లో చాయ్ ఊదుకుంటూ "నువ్వే ఇటు రా బిడ్డా" అంటున్నాడు. చివరికి ఇంటాయనే సిగ్గుపడి లేచి రోడ్డు మీదికి వచ్చాడు.

ఆయనకు రంగు డబ్బాలంటే మంట. అవిసె నూనె అయితే కట్టె తాగుతుందట, రంగు అయితే మూతి కట్టేస్తుందట. "లోపల తడి ఉండంగ మీద రంగేస్తే ఏమైతది సార్? పైన పెండ్లి, లోపల పీనుగ" అనేవాడు. ఇంటి ముందర సున్నపు గీతలు కనబడితే మర్యాద తక్కువని ఆడవాళ్ళు తుడిచేస్తే మాత్రం కోపం వచ్చేది. మళ్ళీ నిచ్చెన వేయించుకుని ఎక్కి, ముందటి కంటే లావుగా గీసి దిగేవాడు. చుట్టాలు వస్తున్నారయ్యా అన్నా వినేవాడు కాదు.

నేను ప్రధానోపాధ్యాయుడిగా చేసిన బడి ఎల్లారెడ్డికి దగ్గరలో ఒక ఊళ్ళో ఉంది. పాత బంగళా. ఎవరో దొర కట్టించినదట. ముందర పొడుగాటి వరండా, దానికి టేకు స్తంభాలు, పైన పెంకులు. వాసాల కొసలన్నింటినీ కలుపుతూ చూరు పొడుగునా ఒక వెడల్పు చెక్కపట్టీ. ఆ వరండా కుడి చివరన మధ్యాహ్న భోజనం వండేవారు. నేను కామారెడ్డిలో కాపురముండి పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ణి. క్రమశిక్షణకు పేరుమోసిన సారును. అబద్ధమాడిన పిల్లవాడిని ప్రార్థన దగ్గర ముందరికి పిలిచి నిలబెట్టేవాణ్ణి. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి, అయినా రాయాలి.

ఆ ఏడాది జూన్ మొదటి వారంలో, పిల్లలు ఇంకా రాని రోజుల్లో చాచా వచ్చాడు. ఎప్పట్లాగే స్తంభాల దగ్గర గొంతుక్కూర్చుంటూ లేస్తూ పోయాడు. కుడి చివరకు వచ్చాక నిచ్చెన అడిగాడు. ఎక్కి దబ్బనం గుచ్చాడు. అది పిడిదాకా దిగింది. దాన్ని బయటికి లాగి, మొనకు అంటిన పొట్టును వేళ్ళతో నలిపి చూశాడు. సున్నం డబ్బీ తీసి, ఆ చెక్కపట్టీ మీద రొట్టె అంత సున్నా చుట్టి కిందికి దిగాడు.

"సార్, గిది పుచ్చిపోయింది. మీది దిక్కు నుంచి నీళ్ళు దిగి లోపల గుల్లయింది. వాసం కొస గుడ పోయింది. వానలు పడక ముందే దించెయ్యాలె. దాని కింద పొయ్యి పెట్టనియ్యకుండ్రి."

"సరే చాచా, చేయిస్తాను."

"చేపిస్తరు గదా? నేను మళ్ళ రావాల్నా?"

"ఎందుకు? చెప్పినవు కదా."

ఆ మాట అన్నది నేనే. చెప్పినవు కదా అని ఆయన ముఖాన్నే అన్నాను.

రెండు రోజులకు కబురు తెలిసింది, బడి తెరిచే రోజున పెద్దాఫీసరు వస్తున్నాడని. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. కామారెడ్డి నుంచి ఒక రంగులాయన్ను తీసుకుపోయాను. స్తంభాలకూ చూరుకూ ఆకుపచ్చ రంగు. వేస్తూ వేస్తూ కుడి చివర నిచ్చెన మీద ఆగి, "సార్, ఈడ సున్నంతోని సున్నా ఉన్నది. ఉంచాల్నా, కొట్టెయ్యాల్నా?" అని అడిగాడు. చూరు దించే పని పెడితే వారం పడుతుంది, వారంలో పెద్దాఫీసరు వచ్చేస్తాడు. ముందర పెంకులు ఊడిన బడి కనిపిస్తే ఏం బాగుంటుంది? ఆయన వచ్చిపోయాక దించుదాం అనుకున్నాను.

"కొట్టెయ్" అన్నాను.

పెద్దాఫీసరు వచ్చాడు. వరండా చూసి, "ఏం సార్, బడి పెండ్లిపిల్ల లెక్క ఉన్నది" అన్నాడు. ఆ మాట ఇంటికి తెచ్చి మా ఆవిడకు చెప్పాను, మా తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. ఆ తరవాత పుస్తకాలు పంచడం, పిల్లల పేర్లు ఎక్కించడం, వాటి గోలలో పడ్డాను. చూరు సంగతి మరిచిపోయాను అంటే సగం నిజమే. గుర్తొచ్చినప్పుడల్లా తల పైకెత్తి చూసేవాణ్ణి. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు కనిపించేది. ఇంత బాగున్నదానికి ఏమవుతుంది అనిపించేది. పొయ్యి కూడా అక్కడే మండుతూ ఉంది.

శ్రావణంలో ఐదు రోజులు వదలని ముసురు. ఆరోనాడు పొద్దున పదకొండు గంటలకు, వంట చేసే సాయవ్వ బియ్యం కడుగుతుంటే ఆ చివర చూరు నాలుగు పెంకులతో సహా ఆమె మీద పడింది. కుడి భుజం విరిగింది. దేవుడి దయో ఏమో, పిల్లలు గదుల్లో ఉన్నారు. ఆటోలో ఎల్లారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోతుంటే సాయవ్వ దారి పొడుగునా ఒకటే మాట. "సార్, నా చెయ్యి పన్జేస్తదా? బీడీలు చుట్టాలె సార్." సాయంత్రాలు బీడీలు చుడితేగానీ ఆమెకు ఇల్లు గడవదు. పని చేస్తుంది సాయవ్వా, భయపడకు అన్నాను. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం కంటే పైకి లేవదు.

ఆసుపత్రి నుంచి మధ్యాహ్నం నేరుగా బడికి వచ్చాను. విరిగిన చెక్కపట్టీ వరండాలో పడి ఉంది. రంగు పెచ్చులుగా లేచిపోయిన చోట సున్నా అంచు తెల్లగా కనిపిస్తోంది. పిల్లల అన్నం ఇంకా ఉడకలేదు, పొయ్యి తడిసి మండడం లేదు. సాయవ్వ బదులు వంటకు వచ్చినామె కట్టెల కోసం వెతుక్కుంటోంది. "ఇది పెట్టు, లోపల ఎండుగనే ఉంటది" అన్నాను. నా చేతులతో నేనే అందించాను. పిల్లలు ఆ అన్నమే తిన్నారు.

మర్నాడు బడి ముందర ఊరు పోగయింది. పది పన్నెండు మంది పెద్దమనుషులు, తల్లులు. "పాత కట్టె అని తెలుసు గదా సార్, ఎవ్వలతోనన్న చూపిచ్చిండ్రా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా నోట్లోంచి జవాబు తడుముకోకుండా వచ్చింది.

"మిర్గం ముందర కట్టె చాచా వచ్చి చూసిపోయిండు. ఏ గురుతూ పెట్టలేదు."

అప్పటికప్పుడు ఎల్లారెడ్డికి మోటారుసైకిలు పంపించి చాచాను పిలిపించారు. ఆయన దిగీ దిగగానే ఎవరినీ పలకరించకుండా కుడి చివరకు పోయాడు. తల పైకెత్తి చాలాసేపు చూశాడు. తరవాత కింద వెతికాడు.

"ఇర్గిన ముక్క ఏది సార్?"

"పొయ్యిలకు పోయింది చాచా. పిల్లలకు వండాలె కదా."

"నేను సున్నా పెట్టిన యాదున్నది నాకు. మీకు నోటితోని గుడ చెప్పిన."

అందరూ నా వైపు తిరిగారు. నేను గొంతు పెంచలేదు. చాలా మెల్లగా, చాలా గౌరవంగా మాట్లాడాను. "అదే వారంలో నువ్వు నాలుగైదు చోట్ల చూసినవు చాచా. వేరే ఇంటికాడ పెట్టింది ఈడ పెట్టిన అనుకుంటున్నవు. వయసు మీద పడ్డది, తప్పు లేదు" అన్నాను. నాకు వివరించి చెప్పడం వచ్చు. బతుకంతా చేసిన పని అదే. చాచా తన కుడిచేతి చూపుడు వేలును చూసుకున్నాడు.

సాయవ్వ తమ్ముడు కోపం మీద ఉన్నాడు. ఠాణాకు పోదామన్నాడు. అప్పుడు నేను చేసిన పని ఉంది చూశారూ, అన్నిటికంటే అది చెప్పుకోవడానికే నాకు ఎక్కువ సిగ్గు. చాచా పక్కకు పోయి భుజం మీద చెయ్యి వేసి, "పెద్దమనిషి. ఇన్నేండ్లు మన ఊరికి సేవ చేసిండు. కేసులు గీసులు వద్దు, పోనీయండి" అన్నాను. ఊరు ఊరంతా నన్ను మెచ్చుకుంది. సారుది ఎంత పెద్ద మనసు అన్నారు. ఆ మాటలు వింటూ చేతులు జోడించాను కూడా.

ఒక ఆదివారం పొద్దున ఆయన కామారెడ్డిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. గడప ముందర నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చెయ్యి చౌకట్టు దాకా వెళ్ళింది. వేళ్ళు మడిచాడు. కొట్టలేదు. చెయ్యి దించుకుని, "సార్ ఉన్నరా?" అని మిగతా మనుషులు పిలిచినట్టే పిలిచాడు. ఆయన గొంతుతో ఆ పిలుపు వినడం నాకు అదే మొదలు.

లోపలికి వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. మా ఆవిడ చాయ్ ఇచ్చింది. ముట్టుకోలేదు.

"సార్, మీరు సదువుకున్నోళ్ళు. పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పెటోళ్ళు. అందుకని మిమ్ముల అడుగుదామని వచ్చిన. ఆనాడు మందిల అడిగితే మీరు గుడ పరేషాన్ల ఉంటిరి. ఇప్పుడు ఎవ్వలు లేరు. ఒక్క మాట సాఫ్ చెప్పుండ్రి. నేను గురుతు పెట్టిన్నా, లేదా?"

నేను చాయ్ కప్పు ఆయన వైపు జరిపాను. ఆయనే మళ్ళీ అందుకున్నాడు.

"నాకైతే పెట్టినట్టే అవుపడ్తది సార్. కండ్లు మూస్తే సున్నా అవుపడ్తది. నిచ్చెన ఎక్కింది, దబ్బనం దిగింది, అన్ని యాదికున్నయి. కని మీరు లేదంటున్నరు. మీరెందుకు అబద్ధం ఆడ్తరు? అంటే నా దిమాక్ పోయిందన్నట్టు. గదే నిజమైతే నేనింక ఎవ్వలిండ్లు సూడొద్దు సార్. నా మాట నమ్ముకొని పిల్లలను పండవెట్టుకుంటరు ఆ చూర్ల కింద. అందుకే అడుగుతున్న. మీరు పెట్టినవంటే చేస్త, పెట్టలేదంటే ఇడ్సిపెడ్త."

ఆయన తన మీద పడిన నింద తుడుచుకోవడానికి రాలేదు. నన్ను నిలదీయడానికీ రాలేదు. తన చేతిని ఇంకా నమ్మొచ్చా లేదా అని తెలుసుకోవడానికి, బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. వంటింట్లో మా ఆవిడ గిన్నెలు కడుగుతోంది. ఆమె వింటుందేమోనన్న భయం ఒకటి. ఇంకో ఏడాదిలో రిటైరవుతాను, ఇప్పుడు ఈ మాట బయటపడితే ఏమవుతుంది అన్న భయం ఇంకొకటి.

"పెట్టలేదు చాచా" అన్నాను.

ఆయన ఊపిరి వదిలాడు. కోపంతో కాదు, బరువు దించుకున్నట్టు. "మంచిగ చెప్పిండ్రు సార్. మనసుల గుంజుకుంటుండె. షుక్రియా" అన్నాడు. చల్లారిన చాయ్ అప్పుడు ఒక్క గుక్కలో తాగి లేచాడు. గేటు దాకా పోయి సాగనంపాను. ఎండగా ఉంది, ఆటోలో పో చాచా అన్నాను. నా నోటికి అంత కంటే మంచి మాట రాలేదు.

ఆ తరవాత ఆయన ఎవరిల్లూ చూడలేదు. రిటైరయ్యేలోపు ఎల్లారెడ్డి బజారులో రెండు మూడుసార్లు కనిపించాడు. ఇదివరకు ఇండ్ల అంచున, తల పైకెత్తుకుని, చూర్లు చూసుకుంటూ నడిచే మనిషి. ఇప్పుడు తల దించుకుని నడిరోడ్డున నడుస్తున్నాడు. వెనక నుంచి లారీవాళ్ళు హారన్లు కొడుతుంటే పక్కకు జరిగి, మళ్ళీ నడుమకే వస్తున్నాడు. నేను ఒకసారి కిరాణా కొట్లోకి తప్పుకున్నాను. అక్కరలేని చింతపండు కొన్నాను.

జియారత్ రోజున పొద్దున్నే బస్సెక్కాను. దారిలో తాడ్వాయి దాటేదాకా కూడా, మొహం చూపించి వచ్చేద్దాం అనే అనుకుంటున్నాను. చాచా ఇంటి ముందర గల్లీలో షామియానా వేశారు. నలభై మంది దాకా కూర్చున్నారు, ముస్లింలూ హిందువులూ కలిసే. ఫాతేహా అప్పుడే అయిపోయింది. నన్ను చూడగానే ఎవరో కుర్చీ తుడిచి వేశారు. ఒకాయన పక్కవాడితో, "గీ సారే, చాచా మీద కేసు కాకుండ ఆపింది" అంటుంటే వినిపించింది.

చాచా కూతురు లోపల ఉందని చెప్పారు. చాచాను చివరిదాకా చూసుకున్నది ఆమె, ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. నన్ను లోపలికి పిలిచారు. ఆమె కొంగు సర్దుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"వచ్చిండ్రు, సంతోషం సార్. అబ్బాజాన్ మిమ్ముల మస్తు తల్చుకుంటుండె. సారు నాకు నిజం చెప్పిండు, లేకపోతే నా చేతుల ఎవ్వలన్న సచ్చిపోతుండె అంటుండె."

నేను తలవంచుకున్నాను. ఆమె ఆగలేదు.

"ఆఖర్ల శాన గోసైంది సార్. పండుకున్న మంచం కోడు కొట్టుడు, నన్ను పిలుసుడు. బేటీ, జర సూడు, ఇది గట్టిదేనా, నాకు తెలుస్తలేదు అనుడు. గట్టిదే అబ్బా అంటె, నువ్వు మంచిగ సూడలేదు, మళ్ళ సూడు అనుడు. జిల్లల సగం ఇండ్లు సూసిన మనిషి, దినాం పదిసార్లు నన్నడుగుతుండె. నాకేం తెలుస్తది సార్ కట్టె సంగతి?"

ఇంక నావల్ల కాలేదు. చెప్పేశాను. సున్నా పెట్టాడనీ, నోటితో చెప్పాడనీ, నేనే రంగు కొట్టించాననీ, ముక్కను పొయ్యిలో పెట్టించాననీ, మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు కూడా అబద్ధమే చెప్పాననీ. వరసగా, తడబడకుండా చెప్పాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఆమెకూ రాలేదు. నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అంటే మా అబ్బా దిమాక్ మంచిగనే ఉండె" అంది.

"మంచిగనే ఉండె అమ్మా."

"మొన్నటిదాక ఉండె గదా సార్ ఆయన. మీకు బస్సు దొరకలేదా?"

క్షమించు అని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్తే నేనేం జేసుకోను? నేను ఎన్నడు ఆయనను తప్పు పట్టలే. పట్టినోళ్ళు బయట కూసున్నరు. పోయి ఆడ చెప్పుండ్రి."

బయటికి వచ్చాను. నా కుర్చీ అక్కడే ఖాళీగా ఉంది. కూర్చుంటే మళ్ళీ లేవలేనని తెలుసు, నిలబడే మాట్లాడాను. ఎన్నో సభల్లో మాట్లాడిన గొంతు, అప్పుడు నా చెవులకు కూడా వినిపించినట్టు లేదు. గట్టిగ చెప్పుండ్రి సార్, అన్నారు వెనక ఉన్నవాళ్ళు. గట్టిగా చెప్పాను. చాచా సున్నా పెట్టిండు. నేనే కొట్టించిన. ఆయన తప్పు ఏం లేదు. ఆయన చెయ్యి ఎన్నడూ తప్పు చెప్పలేదు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. సాయవ్వ తమ్ముడు కూడా వచ్చి ఉన్నాడు, చివరి వరసలో. అతను లేచి నా వైపు రాలేదు, మొహం పక్కకు తిప్పుకున్నాడు. సాయవ్వకు నేను పోయి చెప్పాల్సిన మాట ఇంకా మిగిలే ఉంది.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక రైతు నెమ్మదిగా మాట్లాడాడు. యాభై ఏళ్ళుంటాయి. నాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు.

"పోయిన మిర్గం ముంగట మా ఇంటి ముంగట నుంచి పోతుండె చాచా. మా అరుగు మీది చూరు సూసి ఆగిండు. చాన సేపు నిలవడ్డడు. ఏంది చాచా అన్న. నాకైతే పుచ్చినట్టు అవుపడ్తున్నది బాపు, కని నా మాట మీద పోకు, ఇంకెవ్వలికన్న సూపెట్టుకో అన్నడు. ఈయనకు ఏం తెలుస్తది ఇప్పుడు అని నవ్వి ఊకున్న."

పక్కాయన అడిగాడు. "మరి సూపెట్టినవా?"

"లేదు."

షామియానా మీద చినుకులు పడడం మొదలైంది. ఆ రైతు తల పైకెత్తి విన్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"మా అవ్వ ఈ యాల్లకు ఆ అరుగు మీదనే కూసుంటది" అన్నాడు.

చెప్పులు వెతుక్కోకుండానే షామియానా దాటి బయటపడ్డాడు. మొదట గబగబా నడిచాడు, మూల మలుపు దగ్గర పరుగెత్తాడు. అతని వెనక ఇద్దరు లేచారు, ఆ వెనక ఇంకో నలుగురు. ఒకాయన షామియానా కట్టడానికి తెచ్చిన నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. నేనూ రెండడుగులు వేశాను.

"మీరొద్దు సార్" అన్నాడు నిచ్చెన ఎత్తుకున్నాయన, వెనక్కి తిరిగి చూడకుండా.

నేను ఆగిపోయాను. వాన పెద్దదైంది.